నార్మల్ వస్తే గుండు

మా కడప ఇంటి ముందు నుంచి వారానికోసారి ఒక ఆటో పోతుంది. దాని నెత్తిన మైకు. అందులోంచి ఒక మగగొంతు, సంతాపసభలో మాట్లాడుతున్నంత నెమ్మదిగా, తలవెంట్రుకలు తీసుకుంటామని, చిక్కు పడినవైనా పర్లేదని, బదులుగా స్టీలు సామాను ఇస్తామని చెబుతూ పోతుంది. వీధిలో ఆడవాళ్లు దువ్వెన పళ్లలోంచి తీసి దాచిన ఉండలను కవర్లలో పట్టుకొని బయటికొస్తారు. పోయిన వారం మా ఆవిడ ఆరు నెలల జుట్టు ఇచ్చి టీ వడపోసే జాలి ఒకటి తెచ్చుకుంది. అందులో నా వాటా ఎంతని అడిగాను. పిడి వరకు నాదేనంది.

ఆ మైకు వినపడినప్పుడల్లా నాకు ఒక కండక్టరమ్మ గుర్తొస్తుంది. ఆటోలో ఉన్న సామానంతా దించి ముందు పెట్టినా ఆమె ఒక్క వెంట్రుక ఇచ్చేది కాదు. ఆమె పేరు నాకు తెలుసు, చొక్కా మీద ఉండేది. కానీ డోన్ నుంచి పత్తికొండ దాకా ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. ఇప్పుడు నేను మొదలుపెట్టడం బాగుండదు.

అప్పట్లో నేను పత్తికొండ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ని. కాపురం డోన్‌లో. పొద్దున ఆరున్నర బస్సులో పోయేవాణ్ని. తర్వాత ఇంకో బస్సు ఉండేది గానీ, అది ఏయే రోజుల్లో వస్తుందో దానికే తెలుసు. ఆరున్నర బస్సులో టమాటా బుట్టలు, బుట్టల మధ్య మనుషులు, మనుషుల మధ్య దారి చేసుకుంటూ ఆమె. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో టికెట్ మిషను, తలకు ఒక తెల్ల తువ్వాలు. తువ్వాలు ఎందుకంటే దుమ్మని చెప్పేది. వానాకాలంలో, రోడ్డు మీద దుమ్మన్నది లేని వారంలో కూడా దుమ్మనే చెప్పేది.

నాతో ఆమె మొదటి సంభాషణ టికెట్ గురించి కాదు. ఒకరోజు నా సీటు పక్కన నిలబడి, టికెట్ కొట్టకుండా, నా ముఖాన్ని కాసేపు చూసింది. సీసాలో పెట్టిన కప్పను నేను మా పిల్లలకు ఎలా చూపిస్తానో అలా చూసింది.

"సారూ, నీ కనుబొమ్మల కొసలు యాడ పాయె?"

చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిజమే, రెండు వైపులా కొసలు లేవు. రోజూ అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నేను గమనించనిది, గతుకుల రోడ్డు మీద నిలబడి ఆమె గమనించింది. ఆ తర్వాత వరసగా అడగడం మొదలుపెట్టింది. చలి పెడతాండాదా. పెడుతోందన్నాను. కూచున్న చోటే నిద్రొస్తాండాదా. వస్తోందన్నాను. ఇక మూడో ప్రశ్న కడుపు సంగతి. దాన్ని ఆమె రాబోయే స్టేజీ పేరు చెప్పే గొంతుతోనే అడిగింది. బస్సంతా నా జవాబు కోసం ఆగింది. ముందు సీటులో ఉన్న పెద్దావిడ అయితే వెనక్కి తిరిగి కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తూ, అంత సరిగా లేదన్నాను. బస్సుకు తృప్తి కలిగింది.

"థైరాయిడ్ ఉండాది. తక్కువ చేస్తాండాది. పోయి రక్తం ఇచ్చిరా."

అది ఎక్కువగా ఆడవాళ్లకు వచ్చే జబ్బని, చదువుకున్నవాణ్ని కాబట్టి, ఆమెకు వివరించబోయాను. ఆమె మిషన్‌లో నా టికెట్ కొట్టి చింపి ఇస్తూ అంది: "ఆడోళ్ల సీట్లని రాసినచోట మగోళ్లు కూచోరా ఏంది? ఇదీ అట్లే."

దానికి ముందు వారమే నేను రెండో సంవత్సరం పిల్లలకు బోర్డు మీద థైరాయిడ్ గ్రంథి బొమ్మ గీసి, అది మందగిస్తే కనిపించే లక్షణాలు ఏడు రాయించి ఉన్నాను. ఆ ఏడూ నాలో ఉన్నాయి. కానీ సిలబస్‌లో ఉన్నది మనిషి ఒంట్లో కూడా ఉండొచ్చని నాకు తట్టలేదు. రక్తం ఇచ్చాను. ఆమె చెప్పిందే నిజమైంది. మరుసటి రోజు బస్సెక్కగానే అడిగింది, చెప్పాను. నన్ను తన పక్క సీటుకు మార్చింది. అప్పటి నుంచి నేను సారును కాను, అప్పను.

ఈ జబ్బులో ఆమె నాకంటే ఏడాది సీనియర్. సీనియర్లకు ఉండే ఓపిక ఆమెకు ఉండేది. నా రిపోర్టులో అంకె ఎక్కువ ఉంటే గ్రంథి తక్కువ పనిచేస్తున్నట్టు ఎందుకో నేను క్లాసులో మూడు రంగుల చాక్‌పీసులతో చెప్పేవాణ్ని, పిల్లలకు అర్థమయ్యేది కాదు. ఆమె ఒక రోజు టికెట్లు కొడుతూ కొడుతూ చెప్పింది.

"డిపోలో మేనేజరు ఎప్పుడరుస్తాడు? డ్రైవరు పడుకుంటేనే గదా. ఈ గొంతుకాడ ఉండేది డ్రైవరప్పా. అది పడుకుంటే పైన తలకాయలో ఉండే మేనేజరు అరుపులు పెంచుతాడు. రిపోర్టులో రాసేది ఆ అరుపులే. మాత్ర ఏస్తే బండి కదుల్తాది, ఆయప్ప నోరు మూస్తాడు."

ఆ తర్వాత క్లాసులో నేనూ అదే చెప్పాను. నా సర్వీసులో పిల్లలందరూ రాసిన ప్రశ్న అదొక్కటే. ఒకడు జవాబులో పిట్యూటరీ అని రాయడం మరిచి డిపో మేనేజర్ అని రాశాడు. మార్కులు వేశాను.

డ్రైవింగ్ సీటులో ఉండే మాబూసాబు మాత్రం ఈ పోలిక విన్నప్పుడల్లా, పడుకునేది డ్రైవరే ఎందుకు కావాలని అడిగేవాడు. అతనికి ఆమె మాత్రతో అసలే ఒక తగాదా ఉండేది. ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఓ గంట దాకా టీ ముట్టకూడదు. ఆమె ఆరు గంటలకు డిపోలో వేసుకునేది. సగం దారిలో ఒక టీ కొట్టు ఉంది. రోడ్డు ఖాళీగా ఉండి బస్సు తొందరగా పోయిందంటే ఏడుకు ముందే కొట్టు వచ్చేసేది. అప్పుడామె వెనక నుంచి, ఇంకా ఏడు నిమిషాలుండాదని కేక వేసేది. మాబూసాబు ఖాళీ రోడ్డు మీద ఎద్దులబండి వెనకాల పోతున్నట్టు తోలేవాడు. ప్రయాణికులు అలవాటు పడిపోయారు. కొత్తవాళ్లు ఎవరైనా బండికేమైందని అడిగితే, బండికి కాదు, అమ్మకు థైరాయిడ్ అని పాతవాళ్లే చెప్పేవాళ్లు.

ఇక ఆమె జుట్టు. ఒకప్పుడు ఆమె జడ కూర్చుంటే బెంచీ మీద పడేదని మాబూసాబు చెప్పేవాడు. టికెట్ కొడుతూ విసురుగా తిరిగితే రెండు వరసల వాళ్లు తలలు పక్కకు తీసుకునేవాళ్లట. నేను బస్సెక్కడం మొదలుపెట్టేనాటికి ఆ జడ సగం ఒళ్లు తగ్గింది. ఆరు నెలలు తిరిగేసరికి తువ్వాలు కట్టక తప్పలేదు. ఆడవాళ్లకు జుట్టు పల్చబడితే ఊరుకునే బస్సులు మావైపు లేవు. ఎక్కినవాళ్లు ఎక్కినట్టు ఏమైందమ్మా అని అడిగేవాళ్లు, దిగేలోపు ఒక మందు చెప్పి దిగేవాళ్లు. ఉల్లిగడ్డల రసం, మందారాకు, మెంతులు, ఆవనూనె. ఒకాయన గాడిదపాలు అని, ఆ గాడిద ఏ ఊళ్లో ఉందో కూడా చెప్పాడు. ఆమె అన్నీ వినేది, చాలావరకు చేసేది. కొన్నాళ్లు బస్సులో టమాటాల వాసనకు పైచెయ్యిగా ఉల్లిగడ్డల వాసన ఉండేది.

రాలిన ప్రతి వెంట్రుకనూ ఆమె ఒక కవర్‌లో దాచేది. ఇంట్లో దువ్వెన నుంచి, దిండు మీద నుంచి, చివరకు ఖాకీ చొక్కా భుజం మీద నుంచి కూడా. జుట్టు ఆటో ఏనాడైనా బస్సు పక్కన ఆగితే ఆ మైకు వైపు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ని చూసినట్టు చూసేది. కవర్ నిండాక డోన్‌లో సవరాలు కట్టే ఒకామె దగ్గరికి తీసుకుపోయి, తన జుట్టుతోనే తనకు సవరం కట్టించుకుంది. పెళ్లిళ్లకు, పండగలకు అది పెట్టుకునేది. మొదటిసారి పెట్టుకొచ్చిన రోజు నన్ను పిలిచి చూపించింది.

"పోయింది అనేదానికి లేదప్పా. తల మీద నుంచి కవర్లోకి పాయె, కవర్లో నుంచి మళ్లా తల మీదికొచ్చె. ట్రాన్స్‌ఫర్ అయిండాది, అంతే."

మాత్ర వేసుకున్నా ఆమె జుట్టు ఎందుకు ఆగలేదన్నది నాకు చాలా రోజులు తెలియలేదు. నాకు కొద్దికొద్దిగా తగ్గుతోంది. కనుబొమ్మలు తిరిగొచ్చాయి. ఆమెకు మాత్రం మేనేజర్ అరుపులు తగ్గడం లేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె ముఖం ఒక రకంగా పెట్టేది, బాధలాగా ఉండేది కాదు. దాని సంగతి ఆమే ఒకరోజు చెప్పింది. బస్సు టైరు పంక్చరై రోడ్డు పక్కన అరగంట కూర్చోవలసి వచ్చిన రోజు.

జబ్బని తెలిసిన మొదటి నెలలో, దువ్వెన పెడితే గుప్పెడు వస్తున్న రోజుల్లో, ఆమె ఈరన్న సామికి మొక్కుకుంది. రిపోర్టు నార్మల్ వస్తే గుండు ఇస్తానని. మూడు కత్తెరలు కాదు, పూర్తిగా గుండు. అంత పెద్ద మొక్కు ఎందుకు మొక్కుకున్నావని అడిగాను. పెద్దదేం కాదని ఆమె లెక్క చెప్పింది.

"ఎట్లాగూ పోతాండాది గదప్పా. ఆరు నెలల్లో మొత్తం పోతాదని డాక్టరుకే అనుమానం. పోయేదాన్ని ఇస్తామంటే మనకేం నష్టం? అందుకే మొక్కుకుంటి. ఆయప్ప మాత్రం నిజమనుకున్నాడు."

అదీ ఆమె భయం. జబ్బు నయమైతే తలనున్న జుట్టు సామిది. నయం కాకపోతే ఎవరిదీ కాదు, నేలది. ఎటు పోయినా తనకు మిగిలేది సవరమే. అయినా నయం కాకుండా ఉన్నంతకాలం, కొంచెమైనా, పల్చగానైనా, తల మీదున్నది తనది. బస్సు టైరు మార్చేదాకా ఆమె దూరంగా ఉన్న శనగ చేలను చూస్తూ కూర్చుంది. మాబూసాబు జాకీ కింద రాయి పెట్టమని నన్ను పిలిచాడు గానీ నాకు లేవబుద్ధి కాలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు రిపోర్టు నార్మల్ వచ్చింది.

ఆ రోజు ఆమె బస్సులో స్టేజీల పేర్లు కూడా చెప్పలేదు. ఇద్దరు తమ ఊరు దాటిపోయాక తెలుసుకున్నారు. పత్తికొండలో దిగేముందు రిపోర్టు నా చేతిలో పెట్టి, చదువుకున్నోనివి గదా, ఇది నార్మలేనా చూడమంది. నార్మలే. సరిగ్గా చూడమంది. సరిగ్గానే నార్మల్ అన్నాను. మధ్యలో ఉందా అంచులో ఉందా అని అడిగింది. మధ్యలోనే ఉందన్నాను. నా చదువు మీద ఆమెకు గౌరవం పోయిన రోజది.

అప్పటి నుంచి వాయిదాలు మొదలయ్యాయి. ఒక రిపోర్టు సరిపోదని, రెండు రావాలని అంది. ఆ ల్యాబులో మిషను పాతదని అంది. శ్రావణమాసంలో ఇస్తానని, వచ్చే శ్రావణంలోనని అంది. ఇన్ని చెప్పినా ఆమె ఒంట్లో మాత్రం ఏ మార్పూ లేదు. అదే వాపు, అదే అలుపు. టికెట్లు కొట్టి కొట్టి ఇంజన్ బానెట్ మీద కూర్చుని కళ్లు మూసేది. నార్మల్ అయినవాళ్లు ఇలా ఉండరు కదా అని నేను అంటే, అదే నేనూ చెప్తాండానని ఆశగా చూసింది. కర్నూలు పోయి డాక్టరును కలవమన్నాను.

డాక్టరు ఆమెను ముందు ఒక ప్రశ్న అడిగాడట. ఇంకేమేం మందులు వాడుతున్నావని. ఆమె టికెట్ సంచిలోంచి తీసి టేబులు మీద పెట్టింది. మోకాళ్లకు కాల్షియం. రక్తానికి ఐరన్. జుట్టుకు ఒక విటమిన్ మాత్ర, ఆ నార్మల్ రిపోర్టుకు కొద్ది రోజుల ముందు మందుల షాపు ఆయన స్వయంగా సిఫారసు చేసినది. వీటన్నిటినీ ఏయే వేళల్లో వేసుకుంటున్నావని అడిగితే, అన్నీ ఒకే వేళ, పొద్దున ఆరుకు, డిపోలో, ఒకే గుక్క నీళ్లతో అని చెప్పింది. డాక్టరు తల పట్టుకున్నాడు. ఆ కాల్షియం, ఐరన్ ఉన్న చోట థైరాయిడ్ మాత్ర ఒంటికి అందదు. నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇక ఆ జుట్టు మాత్రలో ఉన్న విటమిను రక్తపరీక్షను తప్పుదోవ పట్టిస్తుంది, లేని నార్మల్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. కొన్నాళ్లు అది మానేసి మళ్లీ రక్తం ఇమ్మన్నాడు.

టీ విషయంలో గడియారం పట్టుకుని బస్సునే ఆపిన మనిషి, మిగతా మాత్రలను ఒకేసారి ఎందుకు మింగిందో డాక్టరుకు అర్థం కాలేదు. నాకు ఆమె చెప్పింది.

"మళ్లా మళ్లా మాత్రలేసుకుంటే మళ్లా మళ్లా నీళ్లు తాగల్ల. తాగితే డ్యూటీ మధ్యలో యాడికి పోవాలప్పా? మీకేం, బస్సాపితే ఏ తుమ్మచెట్టయినా చాలు. మాకు పత్తికొండ స్టాండులో ఒకటుండాది, దానికి తలుపు లేదు. అందుకే ఒకే గుక్క. ఈ కత డాక్టరుకు చెప్పేకి ఆయప్ప మగోడాయ."

ఇన్నాళ్లుగా ఆమె జబ్బు తగ్గకపోవడానికి కారణం గొంతులో లేదు, బస్టాండులో ఉంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నేను దాన్ని ఏడు లక్షణాల కింద ఎనిమిదోదిగా చేర్చి చెప్పడం మొదలుపెట్టాను.

రెండోసారి రిపోర్టు వచ్చింది. నార్మల్ కాదు. పాత అరుపులే. ఆ పొద్దున ఆమె బస్సెక్కిన తీరు నాకింకా కళ్ల ముందుంది. తువ్వాలు కొత్తది. స్టేజీల పేర్లు పాటలాగా చెప్పింది. ఒక ముసలాయన టమాటా బుట్టకు లగేజీ కొట్టడం మరిచిపోయింది. కారణం తెలియని మాబూసాబు ఏమ్మా విశేషమని అడిగితే, ఇంకా తగ్గలేదని చెప్పింది. ముబారక్ అమ్మా అన్నాడు. జబ్బు తగ్గలేదని సంబరపడిన రోగిని, ఆమెకు శుభాకాంక్షలు చెప్పిన డ్రైవరును నేను ఆ ఒక్క రోజే చూశాను.

కానీ ఆమెలో ఒక మొండితనం ఉండేది, చేస్తే పూర్తిగా చేయాలనే మొండితనం. మాత్రలను ఎడంగా వేసుకోమని డాక్టరు చెప్పాడు కాబట్టి వేసుకుంది. అందుకోసం ముందు పత్తికొండ బస్టాండు అధికారి గదిలోకి పోయి తలుపు గురించి మాట్లాడింది. నెమ్మదిగానే మాట్లాడానని చెప్పింది. స్టాండులో ఉన్నవాళ్లందరికీ వినపడిందని మాబూసాబు చెప్పాడు. పది రోజుల్లో తలుపు వచ్చింది, గొళ్లెంతో సహా. ఇప్పుడు ఆ స్టాండులో ఆడవాళ్లకు ఉన్న సౌకర్యం ఒక థైరాయిడ్ గ్రంథి వల్ల వచ్చిందని ఎవరికీ తెలియదు.

తలుపు వచ్చిన మూడు నెలలకు ఆమెకు నిజంగానే తగ్గింది. ఈసారి రిపోర్టు చూడనవసరం లేకపోయింది. ముఖం వాపు దిగింది, మెట్ల మీద ఆయాసం పోయింది. తువ్వాలు అంచు కింద, నుదుటి మీద, వాన పడిన వారానికి శనక్కాయ చేను కనిపించినట్టు, చిన్న చిన్న వెంట్రుకలు కనిపించాయి. ఆమె అద్దంలో చూసుకోవడం మొదలుపెట్టింది. మాబూసాబు వెనక్కి చూసే అద్దాన్ని తనవైపు తిప్పుకునేది. అతను ఇక వెనక ఏముందో చూడకుండానే తోలేవాడు.

శ్రావణం దగ్గరపడుతోంది. ఆమె దారులు వెతకడం మొదలుపెట్టింది. మూడు కత్తెరలతో సరిపెట్టొచ్చా అని నన్ను అడిగింది. మొక్కినది గుండు కదా అన్నాను. అన్నాక ఎందుకన్నానా అనిపించింది. సవరం ఇస్తే ఎట్లుంటదని అడిగింది. అది తన జుట్టే, దాదాపు పావుకేజీ ఉంటుంది, ఇప్పుడున్న దానికంటే సామికి అదే లాభం. తర్కం బాగానే ఉందన్నాను. బస్సులో మాట్లాడేవాళ్లందరూ తలా ఒక సలహా ఇచ్చారు. ఒకామె, సామి అడిగితే చూద్దాంలే అంది. అలా చెప్పేవాళ్లు ఎప్పుడూ ఇతరుల మొక్కుల గురించే చెబుతారు.

ఒక రోజు పత్తికొండలో అందరూ దిగిపోయాక, ఖాళీ బస్సులో ఆమె తువ్వాలు విప్పి నాకు తల చూపించింది. పల్చటి పాత జుట్టు మధ్య వేలెడు పొడవు కొత్త జుట్టు, నల్లగా, దట్టంగా.

"పోయేటప్పుడు ఏడ్వలేదప్పా నేను. పోతే పోనీలే అనుకుంటి. ఇప్పుడొచ్చి కూచునిండాది చూడు, ఇప్పుడు ఏడుపొస్తాండాది."

సీటు మీద పెట్టిన తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చాను. చెప్పడానికి జువాలజీలో ఏమీ లేదు.

శ్రావణమాసంలో ఈరన్న సామి జాతరకు డిపో నుంచి స్పెషల్ బస్సులు వేస్తారు. ఆమెకు ఆ డ్యూటీ పడింది. సెలవు పెట్టి తప్పించుకోవచ్చు. ఆమె పెట్టలేదు. ఒక చేతిలో టికెట్ మిషను, భుజాన టికెట్ సంచి, రెండో భుజాన కవర్‌లో సవరం. గుడి దగ్గర బస్సు ఆగాక, మాబూసాబుకు అరగంటని చెప్పి దిగిందట. తలనీలాలు తీసేచోట ముందు ఆ కవర్ తీసి పెట్టింది. మంగలాయన విప్పి చూసి, కట్టి, తిరిగి ఆమె ఒళ్లో పెట్టాడు. తలలో మొలిచిందే సామిదమ్మా, సంచిలో మొలిచింది మాకొద్దని అన్నాడట. ఆమె ఇంకేం వాదించలేదు. నీళ్లు చల్లమంది. ముప్పై నిమిషాలు అనుకున్నది ఇరవైకే అయిపోయిందని, తిరుగు ప్రయాణంలో ఒక్క టికెట్ కూడా తప్పలేదని మాబూసాబు నాకు కొంచెం గర్వంగానే చెప్పాడు.

సోమవారం ఆరున్నర బస్సు ఎక్కాను. ఆమె మధ్యలో నిలబడి ఉంది. తువ్వాలు లేదు. నున్నటి గుండు, దాని మీద ఆరిపోయిన గంధం. నేనేం మాట్లాడాలో ఆలోచిస్తుంటే, ఎక్కిన ఒక ముసలావిడ ఆమె ముఖం చూసి, యా సామికిచ్చినావమ్మా అని అడిగింది. ఈరన్నకని ఆమె చెప్పింది. ముసలావిడ చేతులు కళ్లకద్దుకుని, ప్రసాదం కోసం చెయ్యి చాపింది. ఆమె టికెట్ సంచిలోంచి బెల్లం, కొబ్బరి తీసి పెట్టింది. తర్వాత ఎక్కినామె కూడా అదే అడిగింది. ఆ తర్వాతామె కూడా. ఆరోజు పత్తికొండ దాకా ఎవరూ ఏమైందని అడగలేదు. ఒక్కరు కూడా మందు చెప్పలేదు. ఉల్లిగడ్డల ఊసే లేదు.

నా సీటు పక్కకు వచ్చేసరికి ఆమె ముఖంలో ఒక ఆశ్చర్యం ఉంది, చిన్నపిల్లలకు ఉండేలాంటిది.

"చూసినావా అప్పా. పల్చగుంటే ఏం జబ్బనిరి. నున్నగుంటే ఏ సామి అంటాండారు. రెండేండ్లు ఆ తువ్వాలు కట్టుకొని ఎవురికి భయపడితినో నాకే తెల్దు. గుండుకు రిపోర్టు అడగరప్పా ఎవురూ."

ఆమె పాటికి ఆమె టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోయింది. జుట్టు మళ్లీ వచ్చింది, నెలకు ఇంతని. చెవులు దాటినాక తువ్వాలు గురించి ఎవరికీ గుర్తు లేదు, ఆమెకు కూడా.

ఆ ఏడాది నా రిపోర్టు మాత్రం అటూ ఇటూ ఊగుతోంది. మాత్ర వేసుకున్న పది నిమిషాలకే కాఫీ తాగుతానని మా ఆవిడ ఆమెకు చెప్పేసింది. వాళ్లిద్దరూ ఎప్పుడు కలుసుకున్నారో నాకు తెలియదు. అయినా ఆమె నన్ను తిట్టలేదు. అదే అనుమానించవలసిన విషయం. ఒక పొద్దున టీ కొట్టు దగ్గర గ్లాసు చేతికిస్తూ, మామూలు మాటలాగా చెప్పింది. మళ్లీ మొక్కుకున్నానని. అంత జరిగాక మళ్లీ నీ జుట్టు మొక్కుకున్నావా అక్కా అన్నాను.

"నాది కాదప్పా. అంత తెలివితక్కువదాన్నా? నీది మొక్కుకుంటి. నీ రిపోర్టు నార్మల్ వస్తే నువ్వు గుండిస్తావు."

నాకు మొక్కుల మీద నమ్మకం లేదని, సైన్సు చెప్పేవాణ్నని ఆమెకు వివరించాను. ఆమె టీ తాగడం పూర్తయ్యే వరకు ఓపికగా వింది.

"నమ్మేది నేను. జుట్టు నీది. నువ్వు నమ్మాల్సిన పనేముండాది?"

మర్నాటి నుంచి నేను కాఫీ గంట ఆగి తాగడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఇప్పుడు నా గ్రంథి నా ఒక్కడిది కాదు. తర్వాతి వేసవికల్లా రిపోర్టు మధ్యలోకి వచ్చేసింది, అంచులో కూడా కాదు. నా నెత్తిన పదేళ్లుగా లేని చోట సన్నగా నూగు వస్తోంది. ఆ నూగును చూసి మా ఆవిడ పెళ్లైన కొత్తలో నవ్వినట్టు ఒకసారి నవ్వింది. దాన్ని వదులుకోవడం ఏ శాస్త్రం ప్రకారమూ సరి కాదు. రిపోర్టు వచ్చిన సంగతి ఆమెకు చెప్పకుండా ఉండొచ్చు. నాలుగు రోజులు చెప్పలేదు. అయిదో రోజు టికెట్ ఇస్తూ నా కనుబొమ్మలు చూసింది. చెప్పేశాను.

శ్రావణంలో స్పెషల్ బస్సెక్కాను. ఆమే డ్యూటీ. నాకు టికెట్ కూడా కొట్టింది, మొక్కు మొక్కే, ప్రయాణం ప్రయాణమే. గుడి దగ్గర దించి, ఇరవై నిమిషాలు ఆపుతానని చెప్పింది. తనెందుకు రాదని అడిగితే, తన పని పోయిన ఏడే అయిపోయిందని అంది.

వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చింది. మంగలాయన నా తల అటు ఇటు తిప్పి చూసి, ఇంత తక్కువ జుట్టుకు అంత దూరం ఎందుకొచ్చానో తెలుసుకోవాలనుకున్నాడేమో, సొంత మొక్కా సార్ అని అడిగాడు.

కాదు, మా బస్సు కండక్టరమ్మది అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వరసలో ఉన్న మగవాళ్లందరినీ కత్తితో చూపించాడు. ఆయన వాళ్ల అత్త మొక్కు, ఈయన వాళ్ల అక్క మొక్కు, ఆ లావుపాటాయన భార్య మొక్కు, మూడేండ్లుగా ఎగ్గొట్టి ఈరోజు దొరికినాడు.

"ఈడికొచ్చే మగోళ్లలో సొంత మొక్కు ఉండేటోళ్లు శానా తక్కువ సార్" అని నా నెత్తిన చెంబుడు నీళ్లు పోశాడు. "తల వంచు."

వంచాను.